మంచం పట్టిన మనిషిని ఎవరు చూడాలి?

కన్నవారిని పట్టించుకోని పిల్లల దగ్గర్నుంచి ట్రిబ్యునల్ ఇప్పించే మనోవర్తి నెలకు 10,000 రూపాయలు దాటకూడదు. 2007లో వచ్చిన తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం గీసిన గీత అది. ధరలు ఎంత పెరిగినా ఆ గీత కదల్లేదు. అయితే మా ఫిర్యాదు అంకె మీద కాదు.

మంచాన పడ్డ అమ్మను రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి. లేదంటే నడుం దగ్గర, మడమల మీద పుండ్లు పడతాయి. డైపర్ మార్చాలి, ఒళ్లు తుడవాలి, చెంచాతో జావ పట్టాలి. డాలస్‌లో ఉన్న కొడుకు డబ్బుకు లోటు చేయడు, గదిలో కెమెరా కూడా పెట్టించాడు. పొద్దున ఏడింటికి రావాల్సిన ఆయా రాకపోతే మాత్రం ఫోన్‌లో అమ్మను చూస్తూ టెన్షన్ పడటం తప్ప ఏం చేయగలడు? మధ్యాహ్నానికి ఏజెన్సీ ఇంకొకరిని పంపుతుంది. ఆమెకు ఈ పని వచ్చో రాదో అడిగేవారు లేరు. ఆమె చేతికి ఎంత ముడుతుందో, వారానికో సెలవైనా ఉందో లేదో అడిగేవారూ లేరు.

2019 డిసెంబరులో లోక్‌సభకు వచ్చిన సవరణ బిల్లు ఈ గదిలోకి కాస్త తొంగిచూసింది. ఇంటికొచ్చి సేవ చేసే సంస్థలు రిజిస్టర్ కావాలని, శిక్షణ ఉన్నవారినే పంపాలని అంది. 10,000 పరిమితినీ ఎత్తేయాలంది. కానీ ఆ బిల్లు పాస్ కాకుండానే 17వ లోక్‌సభతో పాటే 2024లో మురిగిపోయింది. అందులో కోడళ్లను, అల్లుళ్లను కూడా బాధ్యుల జాబితాలో చేర్చారు. అది మాకు రుచించలేదు. చాలా ఇళ్లలో ఆ చాకిరీ ఇప్పటికే కోడలిదే, కేసు కూడా ఆమె మీదే పెడతారా?

బిల్లును కేంద్రం మళ్లీ తేవాలి. ఈసారి ఆయాల జీతం, సెలవు కూడా అందులోనే రాయాలి. అందాకా రాష్ట్రాలు చేతులు ముడుచుకోనక్కర్లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై నుంచి వృద్ధులకు 4,000, పక్షవాతంతో మంచానికే పరిమితమైనవారికి 15,000 పింఛను ఇంటి దగ్గరే ఇస్తున్నారు. మంచి పనే. కానీ ఆ డబ్బు పెట్టి పిలుద్దామన్నా పల్లెలో పని తెలిసిన మనిషి దొరకాలి కదా! గ్రామ సచివాలయ ఉద్యోగి వేలిముద్ర వేయించుకుని, నోట్లు లెక్కపెట్టి ఇచ్చి పక్కింటికి వెళ్తారు. ఈ అవ్వకు స్నానం ఎవరు చేయిస్తున్నారని ఒక్క మాట అడిగి రాసుకోవడానికి కొత్త చట్టం అక్కర్లేదు. వచ్చే ఒకటో తేదీ నుంచే మొదలుపెట్టవచ్చు.