ఒడ్డుకొచ్చే జలచరాలకు ఒక మనవి

మన ఆంధ్రా తీరం పొడవు 974 కిలోమీటర్లని చిన్నప్పుడు బట్టీ పట్టాం. ఈ మధ్య కొత్త పద్ధతిలో కొలిస్తే 1,053 అని తేలింది. తీరం పెరగలేదు, టేపు మారింది. ఏదైతేనేం, జలచరాలు వచ్చి పడటానికి కాగితం మీద జాగా పెరిగింది. ఇంత జాగా ఇచ్చినప్పుడు వచ్చేవాళ్ళూ కాస్త పద్ధతిగా రావాలి కదా. పెళ్ళికి వెళ్ళినవాడిని గుమ్మంలోనే అడుగుతాం, ఆడపెళ్ళివారా మగపెళ్ళివారా అని. అలాగే ఒడ్డుకొచ్చే జీవి తాను ఏ లెక్కన వచ్చిందో ముందే చెప్పాలి. రేటు లెక్కనా, శకునం లెక్కనా, సెల్ఫీ లెక్కనా? ఈ మూడింటిలో దేనికీ పనికిరాని జీవి దయచేసి నీళ్ళలోనే ఉండిపోవాలని మనవి.

ఈ విషయంలో కచిడి చేపను చూసి నేర్చుకోవాలి. ఉప్పాడలోనో అంతర్వేదిలోనో వలకు చిక్కిందంటే సాయంత్రానికల్లా దాని రేటు రాష్ట్రమంతా తెలిసిపోతుంది. మత్స్యకారుడి పంట పండింది, రాత్రికి రాత్రే లక్షాధికారి... హెడ్డింగు రాసేవాడికీ శ్రమ లేదు, పోయినసారిది తీసి అంకె మారిస్తే చాలు. చేప కంటే దాని పొట్టలోని గాలితిత్తికే గిరాకీ. ఎండబెట్టిన ఆ తిత్తి చైనా వాళ్ళ సూపుల్లోకి పోతుంది. గుజరాత్‌లో దీన్ని ఘోల్ అంటారు. 2023లో అక్కడి ప్రభుత్వం దీన్ని రాష్ట్ర చేపగా ప్రకటించింది. హోదా కోసం ఇన్నేళ్ళు ఢిల్లీ చుట్టూ తిరిగిన మనం ముందే కచిడిని సంప్రదించాల్సింది.

అదే పడవ అంతకుముందు నెలంతా డీజిలుకీ ఐసుకీ అప్పుచేసి ఉత్త వలతో తిరిగొచ్చి ఉండవచ్చు. "నేడు కూడా కచిడి పడలేదు" అని ఎవరూ హెడ్డింగు పెట్టరు. పెట్టకూడదు కూడా, పాఠకులకు టెన్షన్.

ఇక శకునాల శాఖ. మా ఇంట్లో ఈ శాఖను మా బావమరిది చూస్తాడు. ఓ తెల్లవారుజామున ఐదింటికి నాకో వీడియో పంపాడు. వెండిరంగు రిబ్బనులాంటి పొడుగాటి చేప, తల మీద ఎర్రటి కుచ్చు. ఓర్‌ఫిష్ అట. "బావా, ఇది పైకొచ్చిందంటే సునామీయే. జపాన్‌లో చిన్నపిల్లాడిని అడిగినా చెబుతాడు."

జపాన్‌లో దీన్ని సముద్ర దేవుడి కోట నుంచి వచ్చిన దూత అంటారన్నది నిజమే. అయితే అక్కడి పరిశోధకులే కొందరు పనిగట్టుకుని 1928 నుంచి 2011 దాకా లోతు సముద్రపు చేపలు పైకొచ్చిన 336 సందర్భాలు పోగేసి, భూకంపాల తేదీల పక్కన పెట్టి చూశారు. కుదిరింది ఒక్కటి. 2019లో ఆ సంగతి అచ్చేశారు. మా వాడికి చెబితే, "చూశావా, ఒకటి కుదిరింది కదా" అన్నాడు.

మన దేశపు సునామీ హెచ్చరికల కేంద్రం హైదరాబాదులో ఉంది. సముద్రం లేని ఊళ్ళో కూర్చుని సముద్రం అడుగున పెట్టిన యంత్రాల లెక్కలు చూస్తూ నిమిషాల్లో చెప్పే ఏర్పాటు 2007 నుంచీ నడుస్తోంది. కానీ వాళ్ళు ప్రమాదం లేనప్పుడు లేదని చెప్పేస్తారు. చేప అలా కాదు, ఎప్పుడూ ఉందనే చెబుతుంది. అందుకే దానికి ఫార్వర్డులు ఎక్కువ.

సెల్ఫీ లెక్కకి వద్దాం. 2023 జులైలో శ్రీకాకుళం జిల్లా పాత మేఘవరం తీరానికి సుమారు 25 అడుగుల నీలి తిమింగలం చనిపోయి కొట్టుకొచ్చిందని పత్రికల్లో వచ్చింది. జనం చుట్టుపక్కల ఊళ్ళ నుంచి వెళ్ళి ఫోన్లు తీశారు. భారీ తిమింగలం, రాకాసి తిమింగలం అని రాతలు. నీలి తిమింగలం పిల్ల పుట్టేటప్పుడే ఇంచుమించు అంత పొడవుంటుంది. పెద్దది ఎనభై, తొంభై అడుగుల దాకా పెరుగుతుంది. అంటే రాకాసి అనుకుని మనం పక్కన నిలబడి ఫోటో దిగినది, బహుశా పాలు మరవని బిడ్డ శవం. ఈ మాట ముందే తెలిస్తే ఫోటోలు ఇంకా ముద్దుగా వచ్చేవి.

మధ్యలో నా వ్యాసాన్ని చెడగొట్టే సంఘటనలూ జరుగుతుంటాయి. 2021 డిసెంబరులో విశాఖ దగ్గర తంతడి ఒడ్డుకు ఒక పులిబొగ్గు సొర, అంటే వేల్ షార్క్ అనే భారీ సొరచేప, ప్రాణంతో వచ్చింది. అటవీశాఖ వాళ్ళూ మత్స్యకారులూ కలిసి దాన్ని తిరిగి లోతు నీళ్ళలోకి పంపేశారు. బతికి వెళ్ళిపోయింది. ఇలాంటివి జరిగితే మాలాంటివాళ్ళు ఏం రాసుకోవాలి?

అసలు ఫిర్యాదు తాబేళ్ళ మీద. ఏటా జనవరి వచ్చేసరికి ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి మన తీరం వైపు వస్తాయి. వస్తే వచ్చాయి, రాగానే చావడం ఏం మర్యాద? కళ్ళు ఉబ్బి, ఒళ్ళు ఉబ్బి, ఒడ్డు పొడవునా పడి ఉంటాయి. రేటు లేదు. ఏటా వచ్చేది కాబట్టి శకునం కాదు. వాసన వల్ల సెల్ఫీకీ పనికిరావు.

చావుకు కారణం కూడా వాటి అలవాటే. నీళ్ళలో బతుకుతూ పైకొచ్చి గాలి పీల్చడం ఏమిటి? రొయ్యల కోసం గంటల తరబడి ఈడ్చే ట్రాల్ వలలో చిక్కాక పైకి రాలేవు, ఊపిరాడక పోతాయి. ఒడ్డు నుంచి 8 కిలోమీటర్ల లోపు మరబోట్లు వేటాడకూడదని నిబంధన ఉంది. సముద్రం మీద కిలోమీటరు రాళ్ళు పాతకపోవడం మాత్రం పెద్ద లోటు. వల గొంతులో వాలుగా ఓ ఊచల చట్రం, పక్కనే ఓ కన్నం పెడితే రొయ్యలు సందుల్లోంచి సంచిలోకి పోతాయి, తాబేలు కన్నంలోంచి బయటపడుతుంది. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ మన వలలకు తగినట్టు దీన్ని తయారుచేసి ఇచ్చింది. ఆ కన్నంలోంచి కొంత చేప కూడా పోతుందని బోటు యజమానుల బాధ. తాబేలు ఆ కన్నం ముందు నిలబడి చేపల్ని ఆపాలి. అంత బాధ్యత లేదు దానికి.

చేపలు గుడ్లు పెట్టే కాలమని వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా. 61 రోజులు మరబోట్లన్నీ రేవులోనే. తాబేళ్ళు కాన్పులు ఆ తేదీల్లో పెట్టుకుంటే అందరికీ సౌకర్యం. చేపలు చక్కగా సహకరిస్తుంటే వీటికేం వచ్చింది? పులి ఉన్న షెడ్యూల్లోనే వన్యప్రాణి సంరక్షణ చట్టం వీటినీ చేర్చింది, అందుకే తలపొగరు. పైగా విష్ణుమూర్తి కూర్మంగా పూజలందుకునే శ్రీకాకుళం జిల్లా శ్రీకూర్మం గుడి ఈ ఒడ్డుకు దగ్గర్లోనే ఉంది. గుళ్ళో దండం పెట్టుకుని బీచికి వెళ్ళిన భక్తుడు అక్కడ ముక్కు మూసుకోవాల్సి రావడం మనోభావాల సమస్య.

ఒక్క సమయంలో మాత్రం తాబేలు పద్ధతిగా ఉంటుంది. హేచరీలో పొదిగిన పిల్లల్ని సముద్రంలో వదిలే రోజున. అరచేతిలో ఇమిడే పిల్ల, వెనక సూర్యోదయం, ముందు కెమెరాలు. అదే పిల్ల నలభై కిలోలు పెరిగి తిరిగొస్తే ఎవరూ గుర్తుపట్టరు.

మొన్న ఫిబ్రవరిలో మా బావమరిది బీచి నుంచి ఫోన్ చేశాడు. "బావా, ఇక్కడ తాబేళ్ళు చచ్చి పడున్నాయి. నేనే పదకొండు లెక్కపెట్టాను. ఏమన్నా అర్థముందంటావా?"

"ఏం లేదురా, ఏటా ఉండేదే."

"అంతేనా," అన్నాడు నిరాశగా. కాసేపాగి, "సరేగానీ, అక్కకి చెప్పు, రొయ్యలు తెస్తున్నాను. చెరువువి కావు. ఇప్పుడే బోటు దిగాయి."