హత్యకు ఆరేళ్లు సరిపోతాయా?

కింది కోర్టు వేసిన శిక్షలో పైకోర్టు ఊరికే వేలు పెట్టకూడదు. సాక్షుల్ని కళ్లారా చూసిందీ, నిందితుడి మాట విన్నదీ కింది జడ్జే. ‘నేనైతే ఇంకో రెండేళ్లు ఎక్కువ వేసేవాణ్ని’ అన్నంత మాత్రాన శిక్ష పెంచడం కుదరదు. మంచి నియమమే. కానీ కృత్రిమ కాళ్లతో ఒలింపిక్స్‌లో పరుగెత్తిన ఆస్కార్ పిస్టోరియస్ కేసులో దక్షిణాఫ్రికా అప్పీల్ కోర్టు ఈ నియమం చాటున ఊరుకుని ఉంటే అన్యాయమే జరిగేది.

2013 ఫిబ్రవరి 14 తెల్లవారుజామున, ప్రిటోరియాలోని తన ఇంట్లో పిస్టోరియస్ గడియపెట్టి ఉన్న టాయిలెట్ తలుపు మీద నాలుగుసార్లు కాల్చాడు. లోపల ఉన్నది అతని ప్రియురాలు రీవా స్టీన్‌క్యాంప్. ఆమె చనిపోయింది. ఎవరో దొంగ అనుకున్నానన్నాడు. సరే, దొంగే అనుకుందాం. ఆ ఇరుకు గదిలో పక్కకు జరగడానికి చోటేది? లోపలున్నది ఎవరైనా సరే, ప్రాణం పోవచ్చని తెలిసే కాల్చాడంటూ 2015 డిసెంబర్‌లో అప్పీల్ కోర్టు దాన్ని హత్యగా తేల్చింది.

శిక్ష ఖరారు మళ్లీ ట్రయల్ జడ్జి థొకోజిలె మసీపా దగ్గరికే వెళ్లింది. హత్య కాదన్నప్పుడు ఐదేళ్లు వేసిన ఆమె, 2016 జులైలో హత్యకు ఆరేళ్లు వేశారు. నేరం పేరు మారితే పెరిగింది ఒక్క ఏడాది! అక్కడ చట్టం చెప్పే కనీస శిక్ష 15 ఏళ్లు. తగ్గించాలంటే గట్టి కారణాలుండాలి. కాళ్లు లేని మనిషి భయం, పశ్చాత్తాపం ఆమెకు గట్టి కారణాలుగా కనిపించాయి. జాలి తప్పు కాదు. కానీ ఎందుకు కాల్చాడో అతను చివరిదాకా సూటిగా చెప్పనే లేదు. అలాంటప్పుడు పశ్చాత్తాపం నిజమైనదని ఎలా నమ్మాలని అడిగిన అప్పీల్ కోర్టు, 2017 నవంబర్‌లో శిక్షను 13 ఏళ్ల 5 నెలలకు పెంచింది. 15 ఏళ్లలో అప్పటికే గడిపిన కాలం పోగా మిగిలింది అది.

ఈ అప్పీలుకు మసీపా అనుమతి ఇవ్వలేదు. ప్రాసిక్యూషన్ పట్టుబట్టి నేరుగా పైకోర్టును ఆశ్రయించింది కాబట్టే విచారణ జరిగింది. మన దగ్గర హత్య రుజువైతే యావజ్జీవానికి తగ్గదు గానీ, కేసు దానికన్నా చిన్న నేరమైన ‘హత్య కాని నరహత్య’గా మారిందా, ఇక చట్టం గీసిన హద్దుల్లో శిక్ష జడ్జి విచక్షణే. అది మరీ తక్కువని అప్పీలు చేసే హక్కు ప్రభుత్వానికే ఉంది, బాధితులకు లేదని 2020లో సుప్రీంకోర్టు తేల్చేసింది. సర్కారు వదిలేస్తే చనిపోయిన మనిషి తల్లిదండ్రులు ఏం చేయాలి? కనీసం హైకోర్టు అనుమతితోనైనా వాళ్లు అప్పీలు వేసుకునేలా పార్లమెంటు చట్టాన్ని సవరించాలి.