దుఃఖం మాది, ఏడుపు తమరిదా?

మహారాజశ్రీ అతి జాలి గారికి,

తమరు క్షేమమా అని అడగడం లేదు. ఎవరికి ఏ కష్టం వచ్చినా ముందు మంచం ఎక్కేది తమరే కాబట్టి క్షేమంగా లేరని మాకు తెలుసు. నేరుగా విషయానికి వస్తాను.

తమరు చెడ్డవారని ఎవరూ అనలేరు. అదే మాకొచ్చిన చిక్కు. క్రూరత్వం గుమ్మంలో కనిపిస్తే తలుపు వేసుకుంటాం. తమరు కళ్ల నిండా నీళ్లతో వస్తారు, తలుపు వేయడానికి చేయి రాదు. 5వ శతాబ్దంలోనే బుద్ధఘోషుడనే బౌద్ధ పండితుడు కరుణకు ఇద్దరు శత్రువులున్నారని రాసిపెట్టాడు. దూరపు శత్రువు హింస, దగ్గరి శత్రువు శోకం. దూరపువాడిని ఎవరైనా పోల్చుకోగలరు. దగ్గరివాడు చూడ్డానికి అచ్చం కరుణలాగే ఉంటాడు. తమరు ఇన్ని శతాబ్దాలుగా గౌరవంగా చెలామణి అవుతున్నది ఆ పోలిక పుణ్యానే.

చావు జరిగిన ఇంట్లో తమరి రాక ఎలా ఉంటుందో ఎప్పుడైనా బయట నిలబడి చూసుకున్నారా? భర్త పోయిన ఆవిడ గోడకు ఆనుకుని కూర్చుని ఉంటుంది. తమరు వస్తూనే ఆవిడను పట్టుకుని బావురుమంటారు. "ఈ వార్త విన్నప్పటి నుంచి నాకు నిద్ర లేదమ్మా, తట్టుకోలేకపోతున్నాను" అంటారు. ఆవిడ తమరి వీపు నిమురుతుంది. ఎవరో తనకోసం తెచ్చిన మంచినీళ్లు ముందు తమరికి ఇప్పిస్తుంది. "ఊరుకోండి, ఏం చేస్తాం" అని తమరినే సముదాయిస్తుంది. గంట గడిచాక తమరి గుండె బరువు దిగిపోతుంది. "ఎంత ధైర్యమండీ ఆవిడది, కంట తడి పెట్టలేదు" అని దారి పొడవునా మెచ్చుకుంటూ వెళ్తారు. ధైర్యమా పాడా! తమరున్నంతసేపూ ఏడవడానికి ఆవిడకు వంతు రాలేదు.

తమరి వంశవృక్షం కూడా కొంత తిరగేశాను. పుట్టి ఒకటి రెండు రోజులైన శిశువులు పక్క శిశువు ఏడుపు వినిపిస్తే తామూ ఏడుస్తారని సాగి, హాఫ్‌మన్ అనే పరిశోధకులు 1976లో ప్రచురించారు. ఏడాది నిండని ఒక పాప గురించి కూడా హాఫ్‌మన్ రాశారు. ఎదురుగా ఇంకో బిడ్డ పడి ఏడుస్తుంటే ఈ పాప నోట్లో వేలు పెట్టుకుని తన తల్లి ఒడిలో తల దాచుకుందట, దెబ్బ తనకే తగిలినట్టు. పిల్లలు కనుక ముద్దుగానే ఉంటుంది. కొన్నాళ్లకు వాళ్లకు తెలిసివస్తుంది, దెబ్బ ఎవరిదో, ఒడి ఎవరికి కావాలో. తమరికి మాత్రం నెత్తిన జుట్టు నెరిసినా ఆ సంగతి తెలియలేదు.

ఇది తమరి మొదటి ఉద్యోగం. రెండోది ఇంతకన్నా ఘనమైనది. ఎదుటివారి బాధను లాక్కోవడంతో తృప్తి తీరనప్పుడు, వారికి లేని బాధను తమరే తెచ్చి అంటగడతారు. ఉద్యోగం పోయిన ఒకాయన లోలోపల హాయిగా ఊపిరి పీల్చుకుంటున్నాడనుకోండి. ఆ పై అధికారి మొహం ఇక చూడక్కర్లేదు కదా! ఆ మాట నోరు తెరిచి చెప్పేలోగా తమరు భుజం మీద చెయ్యి వేస్తారు. "నువ్వెంత కుమిలిపోతున్నావో నాకు తెలుసు" అంటారు. కుమలడం లేదంటే "లోపల దాచుకోకు" అంటారు. నవ్వితే అది ముసుగట. చిరాకు పడితే, చూశారా, బాధ బయటికి వస్తోందట. ఎటు తిరిగినా తీర్పు తమరిదే. చివరికి ఆయన తమరి సంతోషం కోసం కాసేపు మొహం వేలాడదీయాల్సి వస్తుంది.

మనిషిని చూడగానే మనసు చదివేస్తానని తమరికొక నమ్మకం. 2018లో ఎయాల్, స్టెఫెల్, ఎప్లీ అనే ముగ్గురు పరిశోధకులు 25 ప్రయోగాల ఫలితాలు ప్రచురించారు. ఎదుటివారి స్థానంలో తమను ఊహించుకున్నవారు వారి మనసును మరింత సరిగ్గా పట్టుకున్నారా అంటే, లేదు. మొత్తం మీద చూస్తే గురి కాస్త తగ్గింది కూడా. పైగా అప్పుడప్పుడు తాము చెప్పిందే సరైనదన్న ధీమా పెరిగింది. ఈ ధీమా దగ్గర నాకు తమరి మొహమే కనిపించింది. మరి గురి దేనితో కుదిరింది? ఆ మనిషితో మాట్లాడి తెలుసుకుంటే కుదిరింది. అడగడమన్నమాట! తమరి ప్రతిష్ఠకు అది ఎంత చిన్నతనమో నేను ఊహించగలను.

"నాకూ సరిగ్గా ఇలాగే జరిగింది" అనే తమరి ఆయుధం గురించి ఎక్కువ చెప్పను. దాని దెబ్బ తినని చెవి లేదు.

నేను లేకపోతే మనుషులు బండరాళ్లయిపోతారని తమరి వాదన. ఆసుపత్రిలో రాత్రి పని చేసే నర్సును చూడండి. రోగి పక్కన నిలబడి నొప్పి ఎక్కడని అడుగుతుంది, చెప్పింది చివరిదాకా వింటుంది, దిండు సర్దుతుంది, పక్క మంచానికి వెళ్తుంది. ఆమె కళ్లు తడవలేదు కనుక తమరి లెక్కలో ఆమె గుండె లేని మనిషి. ఆమె కూడా తమరిలాగే మొదటి మంచం దగ్గరే కూలబడితే నాలుగో మంచంలో ఉన్నవాడికి ఇంజెక్షన్ ఎవరిస్తారు? ఓల్గా క్లిమెకీ, తానియా సింగర్ బృందం 2014లో ప్రచురించిన పరిశోధన ఒకటుంది. ఎదుటివారి బాధను తామూ అనుభవించేలా కొందరికి శిక్షణ ఇచ్చారు. ఆపైన బాధపడేవారి వీడియోలు చూపిస్తే వాళ్లు మరింత కుంగిపోయారు. తర్వాత వాళ్లకే ఎదుటివారి మేలు కోరే శిక్షణ ఇస్తే ఆ కుంగుబాటు తగ్గి, మనసు తేరుకుంది. కాబట్టి తమరు తప్పుకుంటే మిగిలేది రాయేనన్న బెదిరింపు ఇక మా దగ్గర పనిచేయదు.

మనస్తత్వవేత్త కార్ల్ రోజర్స్ 1957లోనే చెప్పారు: ఎదుటివారి లోకాన్ని తనదే అయినట్టు చూడాలి, అయితే అది తనది కాదన్న ఎరుకను ఎప్పుడూ వదలకూడదు. తమరు మొదటి సగం చదివి పుస్తకం మూసేశారు.

అందుచేత మా విన్నపం ఇది. రావద్దని అనడం లేదు, మర్యాదగా రండి. వచ్చాక "మాట్లాడాలని ఉందా, ఊరికే పక్కన కూర్చోనా?" అని అడగండి. జవాబు వచ్చేదాకా ఆగండి. జవాబు రాకపోతే ఆ ఖాళీని తమరి సొంత కథతో నింపకండి. ఒంటరిగా వదిలేయమంటే వదిలేయండి. గుమ్మం దాటాక "అంత ప్రేమగా వెళ్తే నన్ను పొమ్మంది" అని పదిమందికీ చెప్పుకోకండి. ఏడుపు ఆగకపోతే అది తమరి సొంతం. ఇంటికి తీసుకెళ్లి, తమరికంటే తక్కువ బాధలో ఉన్నవారి దగ్గర దించుకోండి.

ఇట్లు,
తమరిని ఓదార్చి ఓదార్చి అలసిపోయిన బాధితుల తరఫున ఒకరు

తా.క.: ఈ లేఖ చదివి తమరు తీవ్రంగా నొచ్చుకుంటారని మాకు తెలుసు. క్షమించాలి, అలవాటులో తమరి తీర్పే ఇచ్చేశాను. నిజంగా నొచ్చుకున్నారా అని అడగడానికి రేపు ఒక మనిషిని పంపుతున్నాం. వింటాడు, ఏడవడు.