తుప్పు శాస్త్రం

పనిముట్టు అన్నాక పని చేయకూడదు. పని చేసినంత కాలం అది వట్టి ఇనుము. మానేశాకే దానికి గాజు బీరువా, పైన పసుపు లైటు. ఈ సత్యం పెద్దలకు తెలిసొచ్చినప్పటి నుంచి నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో పాత ఇనుప సామాను దుకాణాల ముందు కార్లు ఆగుతున్నాయి.

ఈ శాస్త్రంలో మొదటి పాఠం గుర్తింపు. ఇనుప ముక్కను కదలకుండా పట్టే బెంచి వైస్ దొరికితే దవడలు బిగుస్తున్నాయా అని చూసేవాడు పామరుడు. పండితుడు కిరోసిన్ గుడ్డతో పక్కలు తుడిచి అక్షరాలు వెతుకుతాడు. ఇంగ్లండు ఉక్కు ఊరు 'షెఫీల్డ్' అని తేలిందా, చేతులు జోడిస్తాడు. 'లూధియానా' అయితే కిలోల లెక్కన బేరమాడతాడు. 1943లో సికింద్రాబాద్‌లో మొదలైన ప్రాగా టూల్స్ ముద్ర పడితే మాత్రం ధర్మసంకటం. పాతదే, మంచిదే, కానీ సిటీ బస్సు వెళ్లే చోట పుట్టింది. దానికి లేచి నిలబడటం ఎలా?

ఆయిల్ ఇంజన్ల విషయం మరీ సున్నితం. ఇంగ్లండులోని డర్స్‌లీలో లిస్టర్ కంపెనీ చేసిన ఆరు గుర్రాల ఇంజను నిమిషానికి 650 చుట్లు తిరిగేది. దాన్ని చూసి రాజ్‌కోట్‌లో అచ్చు గుద్దినట్టు బోలెడు చేశారు. ఒక పెద్దమనిషి ఓ రైతు కొట్టంలో మూలనపడ్డ ఇంజను కొని, రంగు గీకుతూ గీకుతూ 'రాజ్‌కోట్' దాకా వచ్చి, ఆ సాయంత్రమే మళ్లీ ఆకుపచ్చ రంగు వేయించారు. పరిశోధన ఎక్కడ ఆపాలో ఆయనకు తెలుసు.

ఆయనే మిర్యాలగూడ వైపు మూతపడ్డ వడ్లు పట్టే హల్లర్ మిల్లులో ఒక పానా పట్టుకున్నారు. దాని మీద '1/2 డబ్ల్యు' అని ఉంది. వెర్నియర్ తీసి నోరు కొలిస్తే 23 మిల్లీమీటర్లు దాటింది. అర అంగుళమంటే 12.7 కదా! నకిలీ అని తేల్చి సగం ధర అడిగారు. మిల్లు పాత ఫిట్టరు బీడీ పక్కన పెట్టి, "అది నోటి కొలత కాదు సార్, బోల్టు కాడ లావు. అర అంగుళం బోల్టుకు నట్టు ఇంత ఉంటుంది" అన్నాడు. 1841లో జోసెఫ్ విట్‌వర్త్ ప్రతిపాదించిన బోల్టు మరల పద్ధతి అది, 'డబ్ల్యు' ఆయన పేరులోదే. 1956లో మన దేశం మెట్రిక్ చట్టం చేసినా, అప్పటికే బిగించి ఉన్న నట్లు గెజెట్ చదవవు కాబట్టి ఆ పానాలు మిల్లుల్లోనే ఉండిపోయాయి. పెద్దమనిషి పూర్తి ధరే ఇచ్చారు. చీటీ మీద మాత్రం 'గుర్తించినది' అన్న చోట తన పేరే రాసుకున్నారు.

దేవరకొండ దగ్గర ఒక కమ్మరి తన దాగలి, అంటే ఇనుము పెట్టి సాగగొట్టే దిమ్మ, అమ్మనని ఇంకా మొండికేస్తున్నాడు. సమ్మెట దెబ్బలకు పైముఖం నడుమ పల్లం పడ్డ దాగలి అది.

"అమ్ముతావా తాతా?"

"అమ్మితే కర్రు నీ తలకాయ మీద సాగగొట్టాలా బాబూ?"

వారసత్వ సంపద మీద గౌరవం లేని ఇటువంటి వారిని అదుపు చేసే చట్టం తక్షణం రావాలి. యాభై ఏళ్లు దాటిన దాగలి మీద దెబ్బ వేస్తే జరిమానా ఉండాలి. నాగళ్ల సంగతి రైతులే చూసుకుంటారు.

మొన్న పెద్దమనిషి గాజు బీరువా తలుపు బందు వదులైంది. లోపల అన్ని సైజుల పానాలూ వరసగా ఉన్నాయి, ముట్టుకుంటే తుప్పు రాలుతుందని ఎవరినీ తీయనివ్వలేదు. ఫిట్టరుకు ఫోను చేశారు. అతను తన సంచి తెచ్చుకుని వస్తానన్నాడు, పానా అద్దె వేరుగా.