ఎర్ర క్యాలిపరు గారి పరువు

కారు చక్రం దొర్లడానికి ఉందని నమ్మే అమాయకులు ఇంకా కొందరు మిగిలి ఉన్నారు. వారి కోసం ముందే స్పష్టం చేయవలసిన విషయం ఏమిటంటే, ఈనాటి చక్రం ప్రధానంగా ఒక కిటికీ. ఆ కిటికీలోంచి లోపల కొలువుదీరిన బ్రేకు క్యాలిపరు (చక్రంతో పాటు తిరిగే బ్రేకు పళ్లేన్ని, అంటే డిస్కును, నొక్కి పట్టే లోహపు పట్టకారు), దాని నిగనిగలాడే ఎర్ర రంగు, దాని మీద తెల్లని అక్షరాలతో రాసిన తయారీదారు పేరు, సిగ్నలు దగ్గర పక్కన ఆగిన కారువారికి తీరిగ్గా కనిపించాలి. దర్శనమివ్వడం క్యాలిపరు గారి మొదటి ఉద్యోగం. బండిని ఆపడం తీరిక ఉన్నప్పుడు చేసే రెండో ఉద్యోగం.

జర్మనీలో ఉద్యోగాలు చేసుకుంటున్న మన తెలుగువారు ఈ సూక్ష్మాన్ని గ్రహించడంలో ఎవరికీ తీసిపోలేదు. కారు ఆర్డరు చేసేటప్పుడు చూపించే అదనపు హంగుల జాబితాలో పెద్ద బ్రేకుల గడి ఎదురైతే, ఇంటి నుంచి ఆఫీసుకు గంటకు 30 కిలోమీటర్లు దాటనివ్వని వీధుల గుండా మాత్రమే ప్రయాణించే వ్యక్తి సైతం, ప్రాణం కంటే ఎక్కువేముందని ఇంటిల్లిపాదికీ నచ్చజెప్పి టిక్కు పెట్టేస్తాడు. భద్రత అనే మాటకు ఇంట్లో ఎవరూ ఎదురు చెప్పలేరన్నది ఆ టిక్కులోని రహస్యం. అందువల్ల వేసవి అంతా గౌరవంగానే గడుస్తుంది. చిక్కు అక్టోబరులో మొదలవుతుంది.

అక్టోబరు నుంచి ఈస్టర్ దాకా చలికాలపు టైర్లు ఉండాలన్నది జర్మన్ల ఆనవాయితీ. చట్టం మాత్రం తేదీలు చెప్పదు. రోడ్డు మీద మంచో, గడ్డకట్టిన తడో, బురదమంచో ఉన్నప్పుడు తగిన టైర్లు లేకుండా బండి నడపకూడదని మాత్రమే అంటుంది. పట్టుబడితే 60 యూరోల జరిమానా, ఫ్లెన్స్‌బుర్గ్‌లోని రవాణా శాఖ ఖాతాలో మన పేరు మీద ఒక పాయింటు. మూడు శిఖరాల కొండ నడుమ మంచుపువ్వు ఉన్న గుర్తు టైరు పక్కగోడ మీద లేకపోతే, 2024 అక్టోబరు నుంచి దాన్ని చలికాలపు టైరుగా లెక్కలోకి తీసుకోవడమే లేదు. కెనడాలోని క్యూబెక్‌వారు డ్రైవర్ల వివేకం మీద ఇంత నమ్మకం పెట్టుకోలేదు. డిసెంబరు 1 నుంచి మార్చి 15 వరకు అని క్యాలెండరులోనే గీత గీసి ఊరుకున్నారు. ఏ దేశం చట్టం వెనుకైనా ఉన్న కారణం ఒక్కటే: ఉష్ణోగ్రత సుమారు 7 డిగ్రీల సెల్సియస్‌కు దిగువకు పడిపోతే వేసవి టైరు రబ్బరు గట్టిపడి పట్టు తప్పుతుంది, చలికాలపు టైరు రబ్బరు మెత్తగానే ఉండి నేలను పట్టుకుంటుంది.

పాత తరం జర్మన్లు దీనికి ఒక పొదుపైన ఉపాయం కనిపెట్టారు. వేసవి చక్రాలకు 225/40 ఆర్18 టైర్లు (అంటే వెడల్పు 225 మిల్లీమీటర్లు, పక్కగోడ ఎత్తు అందులో 40 శాతం, రిమ్ము 18 అంగుళాలు) ఉంటే, చలికాలానికి ఒక అంగుళం చిన్న రిమ్ము మీద 225/45 ఆర్17, ఇంకా జాగ్రత్తపరులైతే రెండు అంగుళాలు చిన్న రిమ్ము మీద 205/55 ఆర్16 వేసుకుంటారు. లెక్క కట్టి చూస్తే మొదటి చక్రం మొత్తం ఎత్తు 637 మిల్లీమీటర్లు, రెండోది 634, మూడోది 632. స్పీడోమీటరుకు కూడా పెద్దగా తేడా తెలియదు. రిమ్ము చిన్నదైతే టైరు చవక. పక్కగోడ ఎత్తుగా ఉండటం వల్ల గుంతలో పడ్డా రిమ్ము బతుకుతుంది. సన్నని టైరు బురదమంచును చీల్చుకుని కింది నేలను అందుకుంటుంది. రోడ్ల మీద చల్లే ఉప్పు తినేది ఎలాగూ పాత రిమ్మునే కాబట్టి యజమాని గుండె కూడా పదిలం. ఇంత చవకగా, ఇంత తెలివిగా, ఇంత అనాకారిగా ఉండే పద్ధతి పెద్ద బ్రేకుల యుగంలో బతికి బట్టకట్టడం సహజంగానే అసాధ్యం.

ఎందుకంటే చిన్న రిమ్ములో క్యాలిపరు గారు పట్టరు. ఫోక్స్‌వాగన్ వారి ఏడో తరం గోల్ఫ్ జీటీఐ మామూలు కారుకు ముందు బ్రేకు డిస్కు 312 మిల్లీమీటర్లు. పెర్ఫార్మెన్స్ ప్యాకు అనే అదనపు హంగు తీసుకున్నవారికి 340. పదహారు అంగుళాల రిమ్ము కొలత 406 మిల్లీమీటర్లు. మామూలు డిస్కు చుట్టూ 47 మిల్లీమీటర్ల ఖాళీ మిగులుతుంది. ప్యాకు వారికి మిగిలేది 33. ఆ 33లోనే రిమ్ము లోహపు మందం, టైరు ఎక్కించడానికి రిమ్ము మధ్యలో చేసిన లోతు, డిస్కు అంచును దాటుకుని వెళ్లే క్యాలిపరు వీపు, అన్నీ సర్దుకోవాలి. సర్దుకోవు. ఇక ఆడి ఆర్ఎస్6 ఆవాంట్‌కు సిరామిక్ బ్రేకులు పెట్టించుకున్న మహానుభావుల ముందు డిస్కు 440 మిల్లీమీటర్లు. అంటే పదిహేడు అంగుళాల రిమ్ము కంటే దాని లోపల కూర్చోవలసిన డిస్కే పెద్దది. వారికి చిన్న చక్రం గురించి సలహా ఇవ్వబోవడం కూడా అమర్యాదే.

చిక్కంతా రిమ్ము అంగుళాల్లోనే ఉందనుకుంటే పొరపాటు. వేసవి చక్రం పద్దెనిమిది అంగుళాలది పట్టింది కనుక ఏ పద్దెనిమిది అంగుళాల చక్రమైనా పడుతుందని నమ్మినవారిని స్పోకులు మోసం చేస్తాయి. ఒక రిమ్ము స్పోకులు బయటికి వంగి క్యాలిపరుకు చోటిస్తాయి, మరొకదాని స్పోకులు తిన్నగా దిగి దాని ముఖాన్ని గీరుతాయి. రిమ్ము మధ్యగీతకూ, హబ్బుకు (చక్రాన్ని బోల్టులతో బిగించే ఇరుసు చివరి భాగానికి) ఆనే తలానికీ ఉన్న దూరాన్ని చెప్పే ఆఫ్‌సెట్ అంకె ఒకటి ఉంటుంది. అది ఐదు మిల్లీమీటర్లు ఎక్కువైతే చక్రం ఐదు మిల్లీమీటర్లు లోపలికి జరిగి, నిన్నటిదాకా ఉన్న సందును మింగేస్తుంది.

మ్యూనిచ్‌లో ఉండే మిత్రుడొకాయన ఈ విద్యను షెడ్డులోనే అభ్యసించాడు. ఎవరో అమ్మజూపిన చలికాలపు చక్రాలను సగం ధరకు తెచ్చుకున్నాడు. బోల్టుల సంఖ్య సరిపోయింది, మధ్య రంధ్రం సరిపోయింది. మెకానిక్ చక్రాన్ని ఎత్తి హబ్బు మీద పెడితే అది పూర్తిగా ఆనలేదు. రెండు బోల్టులు చేత్తో బిగించి తిప్పబోతే పావు చుట్టు తిరిగి, రోలు మీద ఇనుము రాసినట్టు చప్పుడు చేసి ఆగిపోయింది. ఊడదీసి చూస్తే స్పోకు వెనుక వేలెడంత పొడవున ఎర్ర రంగు అంటుకుని ఉంది. మెకానిక్ తల అడ్డంగా ఊపాడు. మిత్రుడు చక్రం వైపు చూడలేదు, మోకాళ్ల మీద కూర్చుని క్యాలిపరు మీది గీతను తడిమాడు. ఆ సమయానికే గుంటూరు నుంచి బావమరిది ఫోను చేశాడు. విషయమంతా ఓపిగ్గా విని, “చక్రం గుండ్రంగానే ఉంది కదా బావగారూ, మరి ఎందుకు పట్టదు?” అని అడిగాడట. పదిహేనేళ్ల ఇంజనీరింగు అనుభవం ఉన్న మా మిత్రుడి దగ్గర ఆ ప్రశ్నకు జవాబు లేకపోయింది.

ఇలాంటి ఆపదలో ఉన్నవారికి లోకం ఇచ్చే సలహాలకు కొదవ లేదు. మొదటిది స్పేసరు: హబ్బుకూ చక్రానికీ మధ్య ఐదు మిల్లీమీటర్ల లోహపు పళ్లెం పెడితే చక్రం బయటికి జరుగుతుంది. అప్పుడు ఐదు మిల్లీమీటర్లు పొడవైన బోల్టులు కావాలి, ఆ స్పేసరుకు వేరే ధ్రువపత్రం కావాలి, చక్రం మడ్‌గార్డు అంచు దాటి తొంగిచూడకుండా ఉండాలి. రెండోది అట్ట విద్య: పెద్ద బ్రేకులు విడిగా అమ్మే కంపెనీలు క్యాలిపరు బొమ్మను అసలు కొలతలో ఇస్తాయి, దాన్ని ముద్రించి, అట్ట మీద అంటించి, కత్తిరించి, రిమ్ము లోపల పెట్టి చూసుకోవాలి. ప్రింటరు దయామయి కనుక బొమ్మను కాగితానికి సరిపడేలా కాస్త కుదిస్తుంది. అట్ట క్యాలిపరు సలీసుగా తిరుగుతుంది, అసలు క్యాలిపరు తిరగనివ్వదు. మూడో సలహా ఆకురాయి. క్యాలిపరు మూలలను కాస్త అరగదీస్తే సరిపోతుందని చెప్పేవారు నిజంగానే ఉన్నారు. చేంతాడు చాలదని నుయ్యి పూడ్చుకున్నట్టు, చక్రం పట్టలేదని బ్రేకును అరగదీసుకోవడం ఈ శతాబ్దపు ఇంజనీరింగు ఆవిష్కరణల్లో ఒకటిగా నమోదు కావలసి ఉంది.

ఎలాగో రెండు మిల్లీమీటర్ల సందుతో పట్టించినవారి సంతోషం కూడా కొద్ది రోజులదే. చక్రం బ్యాలెన్సు కోసం రిమ్ము లోపల అంటించే బరువు బిళ్ల ఆ సందులో పట్టక క్యాలిపరుకు తగిలి రాలిపోతుంది. చిన్న గులకరాయి ఇరుక్కుంటే రిమ్ము లోపలి గోడ మీద చుట్టూ గీత చెక్కుతుంది. రాత్రికి రాత్రి అందులో బురదమంచు గడ్డకడితే, తెల్లవారి బండి కదలగానే వచ్చే శబ్దానికి వీధివారందరూ లేస్తారు.

పైగా ఇది జర్మనీ. విడిగా కొన్న రిమ్ముతో పాటు ఒక అనుమతి పుస్తకం వస్తుంది. అందులో కారు పేరు ఎదుట అక్షరాలు, అంకెలు కలిపిన సంకేతాల వరుస ఉంటుంది. వాటి అర్థాలు వెనుక పుటల్లో వెతుక్కోవాలి. మంచు గొలుసుల గురించి ఒకటి, బోల్టుల గురించి ఒకటి చదువుకుంటూ వెళితే, ఫలానా కొలత మించిన డిస్కులున్న బండ్లకు ఈ రిమ్ము చెల్లదనే సంకేతం సాధారణంగా చిట్టచివర, డబ్బులు కట్టేశాక కనిపిస్తుంది. కాదని వేసుకుంటే బండికి రోడ్డెక్కే అనుమతే రద్దు కావచ్చు. గరిష్ఠ వేగం కంటే తక్కువ వేగానికి తట్టుకునే చలికాలపు టైర్లు వేసినప్పుడు, ఆ హద్దు గుర్తుచేసే స్టిక్కరు డ్రైవరు కళ్లెదుట ఉండాలన్న నియమమూ ఉంది. గంటకు 30 కిలోమీటర్ల వీధిలో పొద్దునే ఇరుక్కుపోయినవాడికి, 210 దాటవద్దని హెచ్చరించే ఆ స్టిక్కరు ఇచ్చే ఆత్మగౌరవం అంతా ఇంతా కాదు.

ఇంతకీ ఇంత శ్రమ పడి కాపాడుకుంటున్న ఆ బ్రేకులు మంచులో ఏం చేస్తాయని కొందరు దుర్బుద్ధితో అడుగుతారు. బండిని ఆపేది చివరకు టైరుకూ నేలకూ మధ్య ఉన్న రాపిడి. బ్రేకు పెడలు నొక్కాక, గంటకు 50 కిలోమీటర్ల వేగంలో ఉన్న బండి పొడి తారు మీద సుమారు 12 మీటర్లలో ఆగుతుంది. నున్నటి మంచుగడ్డ మీద దానికే దాదాపు వంద మీటర్లు కావాలి. ఈ లెక్కలో డిస్కు కొలతకు చోటు లేదు. మంచు మీద చక్రాన్ని బిగబట్టేయడానికి అతి చిన్న డిస్కు చాలు. పెద్దది అదే పని అంతకంటే ఠీవిగా చేసి, మిగతా బాధ్యతను చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్‌కు అప్పగిస్తుంది. ఆ వంద మీటర్లను కొంతైనా తగ్గించగలిగేది మెత్తని రబ్బరు. ఆ రబ్బరును చవకగా దొరికే చక్రంతో సహా గడప దాటనివ్వనిది ఈ బ్రేకే. ఆపడానికి కొన్న వస్తువు, ఆపగలిగే వస్తువును రాకుండా ఆపుతోంది. ఆపడమే దాని పని కనుక దాన్ని తప్పుపట్టలేం.

పెద్ద బ్రేకు నిజంగా పనికివచ్చే చోటు లేకపోలేదు. ఎత్తైన కనుమ నుంచి వరుస మలుపుల్లో దిగుతూ మళ్లీ మళ్లీ బ్రేకు వేసినప్పుడు పుట్టే వేడిని పెద్ద డిస్కు తట్టుకుంటుంది, చిన్నది అలసిపోతుంది. మ్యూనిచ్ నుంచి సరదాగా వెళ్లి రాగలిగిన అలాంటి దారి ఆస్ట్రియాలోని గ్రోస్‌గ్లోక్నర్ కొండరోడ్డు: 48 కిలోమీటర్లు, 36 పెద్ద మలుపులు. నవంబరు మొదలు ఇంచుమించు మే దాకా ఆ రోడ్డును మంచు కారణంగా మూసివేస్తారు. ఆ విధంగా బ్రేకులకు పని ఉన్న కాలంలో చక్రాల బెడద లేదు, చక్రాల బెడద ఉన్న కాలంలో బ్రేకులకు పని లేదు. కాబట్టి జర్మనీ ప్రభుత్వం ఒక సంఘం వేసి, చలికాలాన్నే పందొమ్మిది అంగుళాలకు సవరించే అవకాశాలను పరిశీలించాలని పౌరులు కోరడం న్యాయమే.

సంఘం నివేదిక వచ్చే లోపు మా మిత్రుడు కంపెనీ షోరూములోనే పందొమ్మిది అంగుళాల చలికాలపు చక్రాలు కొన్నాడు. నల్లనివి, స్పోకులు దట్టంగా ఉన్నవి; వాటి వెనుక ఎర్ర రంగు కొంచెం కూడా కనిపించదు, కనిపించినా ఉప్పుబురద కప్పేసింది. జనవరి అంతా అతడు రైల్లో ఆఫీసుకు వెళ్లాడు. ఈ అనుభవంతో జ్ఞానోదయమై తర్వాతి కారు ఫారం చాలా జాగ్రత్తగా నింపుతున్నాడు. బ్రేకుల గడి దగ్గర మాత్రం ఎర్రవి తీసేసి సిరామిక్‌వి ఎంచుకున్నాడు. వాటి క్యాలిపర్లు బంగారు రంగులో ఉంటాయట, ఉప్పు పడినా అంతగా తెలియదట.