టిక్కు పడింది సరే, పని జరిగిందా?

"సురక్షిత ప్రసవ చెక్‌లిస్ట్‌ను ఉత్తరప్రదేశ్‌లో లక్షన్నర కాన్పుల్లో పరీక్షించారు. పూర్తిగా అమలు చేసినా ఫలితం సున్నా. నర్సులకు భారమైన ఆ కాగితం తీసేయండి." ఈ మెసేజ్ గ్రూపుల్లో తెగ తిరుగుతోంది. కాన్పు వేళ తల్లీబిడ్డల కోసం మరిచిపోకుండా చేయాల్సిన పనుల జాబితా ఇది; పని చేశాక గడిలో టిక్ పెట్టాలి. ఏళ్ల తరబడి లేబర్ రూమ్‌లో పనిచేసినదాన్ని, చూసీ చూడనట్టు ఊరుకోలేకపోతున్నాను.

ఫలితం సంగతి నిజమే. 2017లో వెలువడిన ఆ పరిశోధనలో మరణాలు, తల్లికి వచ్చిన తీవ్ర సమస్యలు కలిపి లెక్కిస్తే చెక్‌లిస్ట్, దానితో పాటు దాన్ని వాడటంలో సిబ్బందికి కోచింగ్ అందిన ఆసుపత్రుల్లో 15.1 శాతం, అందని చోట 15.3 శాతం. తేడా లేదు, ఒప్పుకోవాలి.

"పూర్తిగా అమలు చేసినా" అన్నది మాత్రం తప్పు. కొన్ని ఆసుపత్రుల్లో పరిశీలకులు కాన్పు దగ్గరే నిలబడి, చేయాల్సిన 18 పనుల్లో ఎన్ని జరిగాయో చూశారు. కోచింగ్ మొదలైన రెండు నెలలకు సగటు 72.8 శాతం. అంటే 18కి 13 పనులు. కోచింగ్ లేని చోట 41.7 శాతమే కాబట్టి ఇది మంచి మెరుగుదలే. కానీ కోచింగ్ 8 నెలలకు ఆగింది, ఏడాది నాటికి సగటు 61.7కి జారింది. పైగా సగటు చూస్తే జరగని పనులు ఏవో తెలియదు. ఆ డేటానే తర్వాత మళ్లీ పరిశీలిస్తే, ఎక్కువ పనులు జరిగిన కాన్పుల్లో శిశు మరణాలు తక్కువగా కనిపించాయి. కారణం అదేనని దీంతో రుజువు కాదు గానీ, "పనికిరాదు" అని తేల్చేయడానికీ వీల్లేదు. డాక్టరు, రక్తం, రెఫరల్ లేని చోట ఎంత చేసినా కొంతవరకే, అది వేరే లోటు.

ఇక టిక్కుల సంగతి. ఈ చెక్‌లిస్ట్‌లో ఆగి చూసుకోవాల్సిన సమయాలు నాలుగు: చేరినప్పుడు, కాన్పుకు ముందు, పుట్టిన గంటలోపు, డిశ్చార్జికి ముందు. నేను పనిచేసిన ఒక చోట డ్యూటీ అయిపోయే ముందు ఐదారు షీట్లు ముందేసుకుని, ఒకే పెన్నుతో వరసగా గడులన్నీ నింపేవాళ్లం. "బ్యాగ్, మాస్క్ సిద్ధం" అని, అంటే ఊపిరి తీసుకోని బిడ్డకు గాలి అందించే పరికరం దగ్గరుందని, టిక్ పెట్టిన రోజే మాస్క్ తాళం వేసిన అల్మరాలో ఉంది. బిడ్డ ఏడవకపోతే తాళంచెవి కోసం పరిగెత్తాలి. షీట్లు మాత్రమే చూసే అధికారికి మా వార్డు నూటికి నూరు.

చివరి మాట, నర్సులకు భారమని. కాన్పు మీద కాన్పు వచ్చే రాత్రి ఇంకో కాగితం ఎంత టెన్షనో నాకు తెలుసు. అయితే ఆ కాగితం తీసేస్తే సింక్ దగ్గరికి సబ్బు రాదు. ఒకసారి బయటి సిస్టర్ ఒకామె రెండు రోజులు మా పక్కనే నిల్చుని చూసింది. "చేతులు కడగలేదు" అని రాసి, దాని కిందే "సబ్బు లేదు, కుళాయిలో నీళ్లు లేవు" అని కూడా రాసింది. ఆ వారమే ప్లంబర్ వచ్చాడు.