మూసిన గదికీ గాలి కావాలి

పాత ఇళ్లలో వాడని గదులకు చలికాలమంతా తాళం వేసి, కిటికీ సందులు టేపుతో మూసేయమని ఒక వ్యాసంలో రాశారు. తాళం సరే, టేపు మాత్రం వద్దండి. మన హైదరాబాద్ పాతబస్తీ డంగుసున్నం గోడలు వానాకాలంలో తాగిన తేమను వదిలేది నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా వీచే పొడిగాలికే. అప్పుడే బిగిస్తే ఆ తేమ గదిలోనే తిరిగి, ఎండ తగలని ఉత్తరపు గోడకీ బీరువా వెనకా బూజు పడుతుంది. రోషన్‌దాన్ (గోడ పైభాగాన ఉండే చిన్న గాలి కిటికీ) తెరిచి దోమల జాలీ కొట్టించండి. వారానికి రెండుసార్లు, పగలు 11 నుంచి 4 దాకా, ఎదురెదురు కిటికీలు తీయండి. తెల్లవారి మంచులో తీస్తే లాభం లేదు. బీరువాను గోడకు 4 అంగుళాలు ఎడంగా జరపండి.

ఆ వ్యాసంలో అసలు లేనిది బాత్రూం సంగతి. నేల మీద నీళ్లు పోయే జాలీ కింద ఉండే నహానీ ట్రాప్‌లో నిలిచే రెండంగుళాల నీళ్లే మురుగు వాసనకూ బొద్దింకలకూ అడ్డు. వాడకపోతే కొన్ని వారాల్లోనే ఎండిపోతాయి. చెంబెడు నీళ్లు పోసి, పైన రెండు చెంచాల వంటనూనె వేయండి. ఆవిరి కావడం బాగా తగ్గుతుంది. కమోడ్‌ సంగతీ మరవద్దు, అందులో నిలిచే నీళ్లూ ఇలాగే ఎండిపోతాయి.

పైపులు గడ్డకట్టే చలి మనకెక్కడిది, ఆ భయం అక్కర్లేదు. గోడ అడుగున ఉప్పు తేలితే సిమెంటు పూయించడమే అసలు తప్పు. బయటికి దారి లేక తేమ ఇంకా పైకి పాకి, అక్కడ పెచ్చులూడతాయి. సున్నంతోనే పూయించాలి. దర్వాజా చెక్కల అడుగున చెద మట్టిగీతలున్నాయేమో నెలకోసారి టార్చి వేసి చూడండి.